ఇటలీ కొండదారుల్లో రోడ్డు సైకిల్: చేతిలో వారం ఉంటే ఎక్కడ తొక్కాలి?

పెడల్‌పురం (హైదరాబాద్)

అందరికీ నమస్తే. వచ్చే మే నెలలో నేనూ మా ఆవిడా ఇటలీ వెళ్దామనుకుంటున్నాం. తిరగడానికి సరిగ్గా వారం దొరికింది. నేను రోడ్డు బైక్ తొక్కుతాను. వారాంతాల్లో అనంతగిరి, మిగతా రోజుల్లో ఔటర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్. తను కూడా తొక్కుతుంది గానీ ఘాట్ రోడ్డంటే వద్దంటుంది. ఇద్దరం శాకాహారులం, తను గుడ్డు కూడా ముట్టదు.

ప్రస్తుతానికి ప్లాన్ ఇది: టస్కనీ రెండు రోజులు, డోలమైట్స్ రెండు రోజులు, కోమో సరస్సు రెండు రోజులు, చివర్లో రోమ్ ఒక రోజు. బండి ఇక్కడి నుంచి తీసుకెళ్లడం మంచిదా, అక్కడ అద్దెకు తీసుకోవడం మంచిదా? 25 ఎంఎం టైర్లతో అక్కడి తెల్లరోడ్లు, అంటే తారు వేయని మట్టిదారులు తొక్కొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మిలానో_మురళి (మిలాన్)

పెడల్‌పురం గారూ, ముందు ఆ ప్లాన్‌లోంచి మూడు ఊళ్లు తీసేయండి. మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తాయి గానీ సియెనా నుంచి డోలమైట్స్ లోయల్లోకి చేరడానికి పగలంతా పడుతుంది. బండి వెంట ఉంటే ఇంకా కష్టం. ఫ్రెచ్చారోస్సా లాంటి హైస్పీడ్ రైళ్లలో సైకిల్‌ని విప్పి సంచిలో పెడితేనే ఎక్కనిస్తారు. విప్పకుండా తీసుకెళ్లాలంటే ఎక్కువగా రీజనల్ రైళ్లే దిక్కు, అవి చాలా స్టేషన్లలో ఆగుతాయి. మీ వారంలో సగం రోజులు ప్లాట్‌ఫారాల మీదే గడిచిపోతాయి.

ఒక్కచోట మకాం పెట్టండి. నన్నడిగితే సియెనా. ఆ ఊరికి ఉత్తరాన ఒక లోకం, దక్షిణాన ఇంకో లోకం. ఉత్తరాన కియాంతి: ఓక్ అడవులు, ద్రాక్షతోటలు, రాతి పల్లెలు, అడుగడుగునా నీడ. దక్షిణాన క్రేతె సెనేజి: బూడిదరంగు బంకమట్టి గుట్టలు, గోధుమ చేలు, శిఖరం మీద ఒంటరి ఇల్లు, దాని పక్కన వరసగా సైప్రస్ చెట్లు. మే నెలలో ఆ చేలన్నీ పచ్చగా ఉంటాయి. జూలైకల్లా కోతలైపోయి నేలంతా గోధుమరంగుకి తిరుగుతుంది. మీరు వెళ్లే నెల చాలా మంచిది.

కియాంతికి ఒక రోజు దారి చెప్తాను. సియెనా నుంచి ఎస్‌ఆర్ 222, అంటే ఫ్లోరెన్స్‌కి పోయే పాత కియాంతి రోడ్డు పట్టుకుని క్వెర్చెగ్రోస్సా మీదుగా కాస్తెల్లీనా చేరండి. అక్కణ్ణించి రాద్దా, రాద్దా నుంచి గయోలె, గయోలె నుంచి బ్రోలియో కోట, మళ్లీ సియెనా. మొత్తం 70-75 కిలోమీటర్లు, ఎక్కుడు వెయ్యి మీటర్లు దాటుతుంది. కాస్తెల్లీనా దాదాపు 580 మీటర్ల ఎత్తులో, రాద్దా 530లో, గయోలె 360లో ఉంటాయి. అంకెలు చూస్తే పెద్దగా అనిపించవు. కానీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లేటప్పుడు రోడ్డు ముందు లోయలోకి దిగి, తర్వాత మళ్లీ పైకెక్కుతుంది. ఇంకా ఓపిక ఉంటే రాద్దా దగ్గర పక్కకి తిరిగి వోల్పాయా అనే చిన్న కోట పల్లెకి ఎక్కండి. అక్కడ ఒక చౌరస్తా, ఒక పంపు, కాఫీ ఉంటాయి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి (జర్మనీ)

మురళి గారితో ఒప్పుకోను. అంత దూరం వెళ్లి గుట్టలు తొక్కడమేంటి? సెల్లా రోండా ఒక్కటి చేస్తే జన్మంతా గుర్తుంటుంది. యాభై కిలోమీటర్ల పైచిలుకు చుట్టు, నాలుగు కనుమలు: కాంపోలోంగో, పోర్దోయ్, సెల్లా, గార్దేనా. పోర్దోయ్ 2,239 మీటర్లు. తలెత్తితే నిలువునా లేచిన సున్నపురాయి గోడలు, కింద పచ్చిక. ఎక్కుడు 6-7 శాతం (వంద మీటర్లకి 6-7 మీటర్ల ఎత్తు) మీద స్థిరంగా ఉంటుంది, ఒక లయలో పడితే ఎవరైనా ఎక్కొచ్చు. టస్కనీ ఫొటోలకి బాగుంటుంది. సైకిల్ కోసమే వెళ్తుంటే నా ఓటు పర్వతాలకే.

మిలానో_మురళి (మిలాన్)

ఫణీ, డోలమైట్స్ గొప్పవే, అందులో తేడా లేదు. కానీ వాళ్లు వెళ్లేది మేలో. ఆ ఎత్తులో రోడ్డు పక్కన మంచు గోడలు ఇంకా ఉంటాయి, వాతావరణం ఒక్క గంటలో మారిపోతుంది, లోయల్లో చాలా హోటళ్లు రెండు సీజన్ల మధ్య మూసుంటాయి. అక్కడి పెద్ద రైడ్ మరతోనా డ్లెస్ డోలమైట్స్ జూలైలో పెట్టింది ఊరికే కాదు. జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా అయితే నువ్వు చెప్పిందే నేనూ చెప్పేవాణ్ణి.

ఇంకోటి, గుట్టలు తేలిక అనుకోకూడదు. పర్వతంలో గంటసేపు ఒకే గేరు, ఒకే ఊపిరి, తర్వాత అరగంట దిగుడు. కియాంతిలో అలా ఉండదు. మూడు కిలోమీటర్లు ఎక్కుడు, ఒకటిన్నర దిగుడు, మలుపు తిరగ్గానే 12 శాతం గోడ, మళ్లీ దిగుడు. పొద్దున ప్రతి ఎక్కుడూ చిల్లర అప్పులాగే కనిపిస్తుంది. మధ్యాహ్నానికి అసలూ వడ్డీ కలిపి తొడల దగ్గర వసూలు చేస్తుంది. ఇక్కడి తెల్లరోడ్ల మీద జరిగే స్త్రాదె బియాంకె రేసులో ఒక్క పర్వతం కూడా ఉండదు, అయినా ప్రపంచంలో అతి గట్టివాళ్లే దాన్ని గెలుస్తారు.

గేర్‌బాక్స్ (బెంగళూరు)

నేను బండి సంగతులు మాత్రమే చెప్తాను.

వారం కోసం ఇక్కడి నుంచి బండి మోసుకెళ్లొద్దు. పెట్టె బరువు, విమానం ఛార్జీ, వెనక గేర్లు మార్చే భాగాన్ని పట్టి ఉంచే డిరైల్యర్ హ్యాంగర్ వంగిపోతుందేమోనన్న టెన్షన్, ఇవన్నీ ఎందుకు? సియెనాలోనూ గయోలె చుట్టుపక్కలా మంచి కార్బన్ బళ్లు అద్దెకు దొరుకుతాయి. మీ పెడల్స్, బూట్లు, హెల్మెట్, జీను ఎత్తు కొలత మాత్రం పట్టుకెళ్లండి. బుక్ చేసేటప్పుడే మూడు విషయాలు అడగండి. ఒకటి, ముందు చైన్‌రింగులు 50/34 పళ్లవి ఉండాలి. రెండు, వెనక క్యాసెట్‌లో పెద్ద పళ్లచక్రం కనీసం 32, వీలైతే 34. నంది హిల్స్ 28తో ఎక్కేవాళ్లున్నారు, నిజమే, కానీ అది రోజుకి ఒక్క కొండ. మూడు, టైర్లు.

25 ఎంఎం తారురోడ్డుకి సరిపోతుంది. తెల్లరోడ్లకి చాలదు. 30 లేదా 32 ట్యూబ్‌లెస్ వేయించుకుని, గాలి తగ్గించి తొక్కండి. పొడి వాతావరణంలో ఆ రోడ్డు మధ్యలో గట్టిపడిన రెండు చాళ్లు ఉంటాయి, బండి వాటిలోనే ఉంచాలి. అంచుల్లో, మలుపుల బయటివైపు గులక పోగుపడి ఉంటుంది, అక్కడ ముందు బ్రేకు నొక్కితే చక్రం జారిపోతుంది. దిగుడులో అడ్డగీతలుగా చిన్న చిన్న గతుకులు వస్తాయి. చేతులు బిగబట్టకుండా, పిరుదులు జీను నుంచి కాస్త పైకి లేపి బండిని వదిలేయాలి. వాన పడితే అది బంకమట్టి. బ్రేకుల మధ్య ఇరుక్కుని చక్రం తిరగడం ఆగిపోతుంది. వాన రోజున తారురోడ్డే తొక్కండి.

ఇంకో మాట. అక్కడి బళ్లలో చాలావరకు ఎడమ లీవర్ ముందు బ్రేకు. మనకి కుడి చేతికి అలవాటు. దుకాణం నుంచి బయలుదేరకముందే పరీక్షించుకోండి, కావాలంటే మార్చిస్తారు.

పెడల్‌పురం (హైదరాబాద్)

చాలా థాంక్స్ అన్నా, మురళి గారూ మీకు కూడా. డోలమైట్స్ తీసేశాను. ఈ తెల్లరోడ్ల గురించి ఇంకొంచెం చెప్తారా? రేసు వల్ల వాటికి పేరొచ్చిందా, ముందు నుంచీ ఉన్నాయా?

గోదావరి_గట్టు (రాజమండ్రి)

నాయనా, రోడ్లు ముందు, రేసు చాలా తర్వాత. అవి పొలాల మధ్య బళ్లు తిరిగిన పాత దారులు, సున్నపురాయి పొడి వల్ల తెల్లగా ఉంటాయి. ఒక్కొక్కదానికీ తారు వేసేస్తుంటే, వాటిని కాపాడాలని జాంకార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో గయోలెలో లెరోయికా అని ఒక సైకిల్ యాత్ర మొదలుపెట్టాడు. 1987కి ముందు తయారైన బళ్లే తేవాలి. గేర్ లీవర్లు ఫ్రేము గొట్టం మీద ఉండాలి, బ్రేకు వైర్లు బయటికి కనిపించాలి, పెడల్‌కి పట్టీలు ఉండాలి. ఉన్ని జెర్సీలు వేసుకుని వేలమంది వస్తారు. అక్టోబర్ మొదటి ఆదివారం. పెద్ద దారి 209 కిలోమీటర్లు, చీకటితోనే బయలుదేరతారు, బ్రోలియో కోటకి ఎక్కే దారి పొడుగునా దీపాలు పెడతారు.

ఆ యాత్ర చూసే పెద్ద రేసు, మురళి గారు చెప్పిన స్త్రాదె బియాంకె, పుట్టింది, 2007లో. సియెనా పట్టణం నడిబొడ్డున, గుర్రప్పందేలు జరిగే పియాజ్జా దెల్ కాంపోలో ముగుస్తుంది. చివర్లో సాంతా కతెరీనా వీధి, రాళ్లు పరిచిన సందు, 16 శాతం. స్విట్జర్లాండ్ ఆటగాడు కాన్‌చెల్లారా మూడుసార్లు గెలిచాడు. స్లొవేనియా ఆటగాడు పొగాచార్ 2024లో 81 కిలోమీటర్లు ఒక్కడే ముందు పోయి గెలిచిన రోజు నేను టీవీ ముందు నుంచి లేవలేదు.

లెరోయికా దారికి ఊరూరా బోర్డులు పెట్టారు, ఏడాదిలో ఏ రోజైనా తొక్కొచ్చు. ఒక సామాన్యుడి పట్టుదల వల్ల మట్టిరోడ్డు మట్టిరోడ్డుగానే మిగిలింది. ఆ దారిలో వెళ్లేటప్పుడు ఆయన్ని ఒకసారి తలుచుకోండి.

సాగరతీరం (విశాఖపట్నం)

తమ్ముడూ, మీ ఆవిడ గురించి ఎవరూ మాట్లాడలేదని రాస్తున్నాను. మేమిద్దరం కియాంతిలో తొక్కాం. మా వారు మామూలు రోడ్డు బైక్, నేను ఈ-బైక్. మోకాలు ఆపరేషన్ తర్వాత డాక్టర్ సైకిల్ తొక్కొచ్చన్నారు గానీ కొండలు వద్దన్నారు. ఈ-బైక్ లేకపోతే నాకు ఆ ప్రయాణమే లేదు. ఐరోపాలో అది గంటకి 25 కిలోమీటర్ల దాకానే సాయం చేస్తుంది, పెడల్ తొక్కితేనే చేస్తుంది. ఎక్కుడులో ఆయన పక్కన మాట్లాడుకుంటూ వెళ్లాను, అదే నాకు కావలసింది. చెమట పట్టింది, ఆకలి వేసింది, రాత్రి హాయిగా నిద్రపట్టింది. అది తొక్కడం కాదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

బ్యాటరీ విషయంలో మాత్రం జాగ్రత్త. గట్టి సాయం మోడ్‌లో ఈ గుట్టల మీద అనుకున్నదానికంటే తొందరగా అయిపోతుంది. పొద్దున తక్కువ మోడ్‌లో మొదలుపెట్టి, భోజనం చేసే చోట ఛార్జింగ్ పెట్టమని అడగాలి. చాలామంది సంతోషంగా పెట్టిస్తారు.

ఇక తిండి. గుడ్డు ముట్టనివాళ్లకి సియెనా నిజంగా మంచి ఊరు. అక్కడి పీచి అనే లావుపాటి చేతి పాస్తా మామూలుగా పిండీ నీళ్లతోనే చేస్తారు. పీచి అల్యోనె అడిగితే టమాటా, వెల్లుల్లి సాస్‌తో వస్తుంది, మన నోటికి బాగా పడుతుంది. తాల్యతెల్లె, రవియోలి లాంటివాటిలో గుడ్డు ఉంటుంది. రిబొల్లీతా అంటే రొట్టె, బీన్స్, ఆకుకూర వేసి ఉడికించిన చిక్కటి సూప్. అందులో ఒక్కోచోట ఎముకల రసం పోస్తారు, అందుకని అడిగాకే తినాలి. 'సెన్‌జా కార్నె, సెన్‌జా బ్రోదో, సెన్‌జా ఉవోవా' అని చెప్పండి, మాంసం, మాంసం రసం, గుడ్డు వద్దని అర్థమవుతుంది. చీజ్ విషయంలో నియమం ఉంటే ఇది కూడా తెలియాలి: పార్మిజానో, చాలావరకు పెకోరీనో కూడా గడ్డకట్టించడానికి జంతువు కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. దారిలో తినడానికి సియెనా పాన్‌ఫోర్తె కొనుక్కోండి. బాదం, తేనె, పళ్ల ముక్కలు, మసాలాలతో చేస్తారు, జేబులో పాడవదు. టస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు, మొదటి రోజు చప్పగా అనిపిస్తుంది. నేను పట్టుకెళ్లిన కంది పొడి అక్కడే అక్కరకొచ్చింది.

భోజనం వేళలు కూడా చెప్పాలి. పల్లెల్లో పన్నెండున్నర నుంచి రెండు, రెండున్నర దాకానే వంటిల్లు నడుస్తుంది. మూడింటికి వెళ్తే ఏమీ ఉండదు. మధ్యాహ్నం దుకాణాలు కూడా మూస్తారు. ఆదివారం ఇంకా కష్టం.

బొలోన్యా_చిన్నోడు (బొలోన్యా)

నేను ఇక్కడ ఎంఎస్ చేస్తున్నాను. అందరూ టస్కనీ అంటారు, ఇక్కడి నుంచి తూర్పున సముద్రం దాకా ఉన్న రోమాన్యా సంగతి ఎవరూ ఎత్తరు. ఖర్చు తక్కువ, టూరిస్టులు తక్కువ, సైకిల్‌కి ఇంత మర్యాద ఇచ్చే చోటు ఇంకోటి లేదు.

మా ఊళ్లోనే సాన్ లూకా ఉంది. ఊరి గోడ దాటగానే మొదలయ్యే ఎక్కుడు, రెండు కిలోమీటర్లు, సగటున 10 శాతం. గుడి దాకా పొడుగాటి కమాను వసారా, దాని పక్కనే రోడ్డు. 2024లో టూర్ డి ఫ్రాన్స్ చరిత్రలో మొదటిసారి ఇటలీలో మొదలైంది కదా, రెండో రోజు స్టేజీ చెజెనాతికో నుంచి వచ్చి ఈ కొండ రెండుసార్లు ఎక్కింది. క్లాసు అయ్యాక సాయంత్రం నేను ఎక్కే కొండ అదే.

చెజెనాతికో సముద్రం ఒడ్డున ఉంది. పంతాని ఊరు. ఒకే ఏడాది, 1998లో, జిరో (ఇటలీ పెద్ద రేసు), టూర్ రెండూ గెలిచినవాడు. స్టేషన్ దగ్గర ఆయన మ్యూజియం ఉంది, బళ్లూ జెర్సీలూ చూడొచ్చు. అక్కడ సైకిల్ వాళ్ల కోసమే నడిపే హోటళ్లున్నాయి: బళ్లు పెట్టుకునే గది, కడుక్కునే చోటు, పనిముట్లు, పొద్దున గైడ్‌తో గుంపు రైడ్లు. 1971 నుంచి నోవె కొల్లి అని తొమ్మిది కొండల రైడ్ జరుగుతోంది, 200 కిలోమీటర్ల పైన. బార్బొత్తో అని ఒక కొండ, చివర్లో 18 శాతం దాకా పోతుంది. మేలోనే జరుగుతుంది, తేదీ చూసుకోండి. పాల్గొనాలంటే మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు, ఇక్కడి నియమం అది. ఓపికుంటే కార్పేన్యా కొండ ఎక్కండి. పంతాని తన పెద్ద రేసులకి ముందు సాధన చేసిన ఎక్కుడు. ఆరు కిలోమీటర్లు, సగటు 10 శాతం దరిదాపు, రోడ్డు మీద ఇప్పటికీ ఆయన పేరు రాస్తుంటారు.

మొన్న ఆదివారం నేను ఎక్కుతుంటే డెబ్బై దాటిన పెద్దాయన నా పక్కకొచ్చి, ఏ ఊరని అడిగి, శిఖరం దాకా నా వేగంలోనే తొక్కి, పైన కాఫీ ఇప్పించాడు. ఇటలీలో నాకు దొరికిన మొదటి స్నేహితుడు ఆయనే.

తోరినో_తేజ (టురిన్)

లాంగే మాటే ఎవరూ అనలేదు. బరోలో, లా మోర్రా, బార్బరెస్కో, 2014లో యునెస్కో జాబితాలోకి వెళ్లిన ద్రాక్షకొండలు. తెల్లవారుజామున లా మోర్రా నుంచి చూస్తే కింద పొగమంచులో గుట్టలు, దూరంగా మంచు కప్పుకున్న మోన్‌వీజో. ఎక్కుళ్లు పొట్టివి, నిటారువి. ఈసారి కాకపోతే మరోసారి, అక్టోబర్‌లో రండి.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి (జర్మనీ)

సరే, మేలో పర్వతాలు వద్దన్నది సబబే. కానీ మిలాన్‌లో దిగుతుంటే ఒక్క రోజు కోమో సరస్సు పక్కన గిజాల్లో కొండకి ఇవ్వండి. మురళి గారూ, మీ పక్కనే కదా, మీరే చెప్పాలి.

మిలానో_మురళి (మిలాన్)

చెప్పాల్సిందే. కోమో సరస్సు కొమ్ముల మధ్య బెల్లాజో ఊరు. అక్కణ్ణించి ఎనిమిదిన్నర కిలోమీటర్లు పైకి. మొదటి సగం కఠినం, 14 శాతం దాకా తగులుతుంది. చివేన్నా దగ్గర రోడ్డు చదునై, కాస్త దిగి, ఊపిరి అందనిస్తుంది. ఆఖరి కిలోమీటరు మళ్లీ నిటారు. 754 మీటర్ల దగ్గర చిన్న గుడి. అక్కడి మేరీమాత, మదోన్నా దెల్ గిజాల్లోని 1949లో పోప్ 12వ పియుస్ సైకిల్ వాళ్ల రక్షకురాలిగా ప్రకటించారు.

లోపల గోడల నిండా బళ్లు, జెర్సీలు. పాతకాలం ఛాంపియన్లు కొప్పి, బార్తాలి తొక్కినవి ఉన్నాయి. 1995 టూర్‌లో దిగుడులో పడి చనిపోయిన కసార్తెల్లి ఈ కోమో ప్రాంతం కుర్రాడే, ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు. ఆ రోజు అతను తొక్కిన బండి వంగిపోయిన ఫ్రేముతో అలాగే వేలాడుతోంది. హెల్మెట్ తీసి దాని ముందు నిలబడతారు అందరూ. పక్కనే మ్యూజియం. బయట అరుగు మీద కూర్చుంటే కింద సరస్సు.

అక్కణ్ణించి సోర్మానో గోడకి వెళ్లాలని చాలామందికి ఉంటుంది. రెండు కిలోమీటర్ల లోపు, సగటే 15 శాతం పైన, ఒకచోట 25 దాటుతుంది. కార్లు రావు, రోడ్డు మీద ప్రతి మీటరు ఎత్తూ రాసి ఉంటుంది. 34 పళ్ల చక్రం లేకుండా దాని జోలికి పోవద్దు. సరస్సు ఒడ్డు రోడ్డు ఇరుకు, మధ్యాహ్నం కార్లు, బస్సులు. ఏడింటికల్లా బయలుదేరి పదికల్లా గుడి దగ్గర ఉండేలా చూసుకోండి.

గోదావరి_గట్టు (రాజమండ్రి)

బార్తాలి పేరొచ్చింది కాబట్టి రాయకుండా ఉండలేను. ఆయన ఫ్లోరెన్స్ పక్కన పోంతె ఆ ఏమ అనే ఊళ్లో 1914లో పుట్టాడు. 1938లో టూర్ గెలిచి, మధ్యలో యుద్ధం మింగేసిన పదేళ్ల తర్వాత 1948లో మళ్లీ గెలిచాడు. ఆ యుద్ధ కాలంలో ఏం చేశాడో ఎవరికీ చెప్పలేదు. 1943-44లో సాధన చేస్తున్నట్టుగా ఫ్లోరెన్స్ నుంచి అసీసీకి తొక్కేవాడు. ఫ్రేము గొట్టంలో, జీను కింద దాచినవి యూదుల కోసం తయారుచేసిన దొంగ గుర్తింపు పత్రాలు. దారిలో సైనికులు ఆపితే, ఛాంపియన్ బండి, కొలతలు మారిపోతాయి, ముట్టుకోవద్దనేవాడట. పట్టుబడితే ప్రాణం పోయేది. 2000లో ఆయన పోయాకే లోకానికి ఈ సంగతి బాగా తెలిసింది. 2013లో ఇజ్రాయెల్‌లోని యూదుల నరమేధ స్మారక సంస్థ యాద్ వాషెమ్ ఆయనకి 'దేశాల్లో ధర్మాత్ముడు' గౌరవం ఇచ్చింది.

ఫ్లోరెన్స్‌లో ఒక్క పూట దొరికితే ఆ పోంతె ఆ ఏమ ఊరికి పోయిరండి. అక్కడ ఆయన పేరున చిన్న మ్యూజియం ఉంది. తెరిచి ఉండే రోజులు తక్కువ, ముందే కనుక్కోవాలి. మిమ్మల్ని కొండలెక్కించే కాళ్లు అవతలి మనిషి ప్రాణం కోసం కూడా తొక్కగలవని నాకు ఆయన కథ వల్లే తెలిసింది. మా మనవళ్లకి సైకిల్ నేర్పినప్పుడు మొదట చెప్పింది ఇదే.

పెడల్‌పురం (హైదరాబాద్)

మాస్టారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఫ్లోరెన్స్‌లో ఒక పూట తనే ఖాయం చేసింది.

ఇప్పటికి ప్లాన్: మిలాన్‌లో దిగి ఒక రోజు గిజాల్లో. తర్వాత ఫ్లోరెన్స్ మీదుగా సియెనా, అక్కడే నాలుగు రాత్రులు. ఒక రోజు కియాంతి చుట్టు, ఒక రోజు క్రేతె సెనేజి, ఒక రోజు సియెనాకి దక్షిణాన ఉన్న వాల్ దోర్చా లోయ, ఒక రోజు ఖాళీ. తనకి ఈ-బైక్. రోమాన్యా మరోసారి, చిన్నోడా, అప్పుడు కాఫీ నాది.

మురళి గారూ, క్రేతె రోజుకి ఇద్దరం కలిసి తొక్కే దారి ఉందా? ట్రాఫిక్ గురించి తనకి కొంచెం భయం.

మిలానో_మురళి (మిలాన్)

బంగారంలాంటి దారి ఉంది. సియెనా నుంచి అషానోకి ఎస్‌పీ 438, లౌరెతానా అంటారు. పాతిక కిలోమీటర్లకి కాస్త ఎక్కువ, అంతా తారే, ట్రాఫిక్ పలచన. రోడ్డు లోయలోంచి కాక గుట్టల వెన్ను మీదుగా పోతుంది కాబట్టి రెండువైపులా చూపు ఎంతదూరమైనా సాగుతుంది. అషానోలో భోజనం. అక్కణ్ణించి మోంతె ఒలివెతో మజ్జోరె మఠానికి ఎక్కుడు. చెట్ల నీడలో పాత మఠం, లోపలి వసారా గోడల మీద సిన్యొరెల్లి, సోదోమా వేసిన చిత్రాలు. తర్వాత బ్వోన్‌కొన్వెంతోకి దిగుడు. మొత్తం 45 కిలోమీటర్లు. బ్వోన్‌కొన్వెంతోలో రైలెక్కి సియెనా వచ్చేయండి. అక్కణ్ణించి కాస్సియా రోడ్డు మీద సైకిల్ మీద తిరిగి రావొద్దు, లారీలుంటాయి. రైళ్లు రోజుకి కొన్నే, టైమ్‌టేబుల్‌లో సైకిల్ గుర్తున్న రైలు చూసుకోండి, బండికి విడిగా టికెట్ కొనాలి.

లౌరెతానా మీద నీడ లేదు, పంపులు తక్కువ. సియెనాలోనే రెండు సీసాలు నింపుకోండి. పల్లెల్లో ఒక చిట్కా: శ్మశానాల గేటు లోపల దాదాపు ఎప్పుడూ కుళాయి ఉంటుంది, ఇక్కడి సైకిల్ వాళ్లందరూ అక్కడే నింపుకుంటారు. 'నాన్ పొతాబిలె' అని రాసుంటే ఆ నీళ్లు తాగకూడదు.

ట్రాఫిక్ సంగతి. మీరు నడపాల్సింది కుడివైపు, రౌండ్ అబౌట్‌లో ఎడమ నుంచి వచ్చేవాళ్లని చూసుకోవాలి. 2024 డిసెంబర్ నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం కార్లు సైకిల్‌ని దాటేటప్పుడు వీలున్న చోట మీటరున్నర ఎడం ఉంచాలి. పల్లె రోడ్ల మీద చాలామంది ఓపిగ్గా వెనకే వస్తారు. ఫ్లోరెన్స్-సియెనా నాలుగు లేన్ల రోడ్డు మీద సైకిల్ నిషేధం, ఫోన్ మ్యాప్ ఒక్కోసారి అటు తోస్తుంది, నమ్మొద్దు. ఎస్‌ఆర్ 222 మీద శని, ఆదివారాలు మోటార్‌సైకిళ్ల గుంపులు వస్తాయి, కియాంతి చుట్టు మంగళ, బుధవారాల్లో పెట్టుకోండి. ఊళ్ల బయట చీకటి పడ్డాకా, సొరంగాల్లోనూ మెరిసే జాకెట్ తప్పనిసరి.

గేర్‌బాక్స్ (బెంగళూరు)

వాల్ దోర్చా రోజుకి ఒక మాట. మోంతల్చీనో ఎక్కి, సాన్ క్విరికో మీదుగా పియెన్‌జా పోయే దారి తారురోడ్డే. నావిగేషన్ యాప్‌లో 'రోడ్డు బైక్' అని పెట్టినా మధ్యలో మట్టిదారి ఇరికిస్తుంది. ముందురోజు రాత్రి శాటిలైట్ మ్యాప్‌లో దారంతా చూసుకోండి. 2010 జిరోలో మోంతల్చీనో దారి వానకి బురదై, ఆటగాళ్ల మొహాలు కూడా గుర్తుపట్టలేనట్టు అయ్యాయి. ఆ రోజు గెలిచిన ఇవాన్స్ ప్రపంచ ఛాంపియన్ జెర్సీ రంగులే కనపడలేదు. మీకు ఈ-బైక్ కూడా వెంట ఉంటుంది, దాని బరువుతో బురదలో నెట్టడం చాలా కష్టం.

సాగరతీరం (విశాఖపట్నం)

సియెనాలో బస గోడల లోపల పెట్టుకుంటే సాయంత్రాలు బాగుంటాయి. కానీ బండి పెట్టుకునే చోటుందో లేదో ముందే రాసి కనుక్కో తమ్ముడూ. పాత ఇళ్లలో మెట్లు ఇరుకు, ఈ-బైక్ మూడో అంతస్తుకి మోయలేరు.

పెడల్‌పురం (హైదరాబాద్)

రాశాను అక్కా. కింద తాళం వేసే గది ఉందన్నారు. సియెనా స్టేషన్ నుంచి గోడల లోపలికి ఎలా వెళ్లాలి? సామాను ఉంటుంది.

మిలానో_మురళి (మిలాన్)

స్టేషన్ కింద, ఊరు కొండ మీద. స్టేషన్ ఎదురుగా షాపింగ్ సెంటర్‌లోంచి వరసగా ఎస్కలేటర్లు ఉన్నాయి, కమొల్లియా గేటు దగ్గరకి తీసుకెళ్తాయి. పెట్టెలతో అదే తేలిక. అద్దె బళ్లు మర్నాడు పొద్దున తీసుకోండి, చేరిన రోజే వద్దు. కియాంతి, లౌరెతానా దారుల జీపీఎక్స్ ఫైళ్లు (నావిగేషన్ యాప్‌లో వేసుకునే దారి ఫైళ్లు) రేపు ఇక్కడే పెడతాను, పంపులున్న చోట్లు గుర్తు పెట్టి.